తీరం కోత, రాళ్ళ కట్టలు, పర్యావరణ అనుమతులు: ఒక చారిత్రక పరిశీలన



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయవలసిందని సంపాదక మిత్రులు కోరినప్పుడు, కరువు భత్యం గురించో, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించో వ్రాస్తానని వారు అనుకొని ఉంటారు. ఆ విషయాలు నాకంటె బాగా వ్రాయగలవారు మన సంఘంలో పదిమంది ఉన్నారు. నేను 1975లో ఉద్యోగంలో చేరి 2008లో పదవీ విరమణ చేసే వరకు ఎక్కువ కాలం ఇంజనీరింగు విభాగాల కార్యాలయాలలో కరెస్పాండెన్సు సీట్లలో పనిచేశాను. అంచనాలు, అనుమతులు, కొర్రీలు, జవాబులు నా నిత్యకృత్యం. అందులో సముద్రపు కోతకు సంబంధించిన ఫైళ్ళు కొన్ని నా చేతుల మీదుగా వెళ్ళాయి. ఆ ఫైళ్ళ వెనుక ఉన్న చరిత్రను తీరిక దొరికిన తర్వాత చదువుకున్నాను. దానిని నాకు తెలిసినంతలో మీ ముందు ఉంచుతున్నాను.

అనకాపల్లి వాళ్ళకు సముద్రంతో ఏమి పని అని కొందరు అడగవచ్చు. మనది బెల్లం ఊరు, నూకాలమ్మ తల్లి ఊరు, శారదా నది ఒడ్డున ఉన్న ఊరు. కాని 4 ఏప్రిల్ 2022న అనకాపల్లి జిల్లా ఏర్పడిన నాటి నుంచి మనది సముద్రతీర జిల్లా కూడా. పరవాడ మొదలుకొని అచ్యుతాపురం, రాంబిల్లి, ఎస్.రాయవరం, నక్కపల్లి, పాయకరావుపేట మండలాల వరకు తీరం మనదే. పూడిమడక, ముత్యాలమ్మపాలెం, బంగారమ్మపాలెం, రేవుపోలవరం, రాజయ్యపేట మన ఊళ్ళే. మన పిల్లలు స్థలాలు కొంటున్నదీ ఆ దారిలోనే. కనుక ఈ చరిత్ర మనకు పనికివచ్చేదే.

ఇసుక నడక

ముందుగా ఒక మూల విషయం చెప్పాలి. సముద్రపు ఒడ్డున ఇసుక ఒకచోట ఉండదు, నడుస్తుంది. కెరటం ఒడ్డుకు ఏటవాలుగా వచ్చి తగిలినప్పుడు ఇసుకను కొంచెం పక్కకు నెట్టుకొని పోతుంది. మన కోస్తాలో ఇంచుమించు మార్చి నుంచి అక్టోబరు వరకు, అనగా నైరుతి గాలుల కాలంలో, ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. ఈశాన్య రుతుపవనాల నెలలలో తిరిగి దక్షిణానికి వస్తుంది. పోయేది ఎక్కువ, వచ్చేది తక్కువ. ఏడాది మొత్తం లెక్క చూస్తే లక్షల ఘనపు మీటర్ల ఇసుక ఉత్తర దిశగా సాగిపోతుంది. ఇది వేల ఏళ్ళుగా జరుగుతున్న వ్యవహారం.

దీనిని మన పంట కాలువతో పోల్చవచ్చు. పై మడివాడు కాలువకు అడ్డం వేస్తే కింది మడివాడి చేను ఎండుతుంది. అలాగే తీరానికి అడ్డంగా సముద్రంలోకి రాళ్ళ కట్ట వేస్తే దానికి దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు కోతకు గురవుతుంది. కాలువ తగాదాకు పెద్దమనుషులు ఉంటారు, నీరుకట్టు ఉంటాడు. ఇసుక తగాదాకు చాలా కాలం పెద్దమనిషే లేడు. తర్వాత వచ్చిన ఆ పెద్దమనిషి పేరే పర్యావరణ అనుమతి.

మద్రాసులో జరిగింది

ఈ సంగతి మన దొరలకు మొదట మద్రాసులో తెలిసివచ్చింది. 1876 ప్రాంతంలో మద్రాసు హార్బరుకు కట్టలు వేయడం ఆరంభించారు. 1881 తుపానులో అవి బాగా దెబ్బతిన్నా మళ్ళీ కట్టారు. కట్టలు నిలిచిన తరువాత దక్షిణం వైపున ఇసుక ఏటేటా పేరుకొని, ఒడ్డు సముద్రంలోకి పెరిగింది. గవర్నరు గ్రాంట్ డఫ్ 1880లలో అక్కడ విహార మార్గం వేయించి మెరీనా అని పేరు పెట్టాడు. మద్రాసు వెళ్ళిన మన తెలుగువాళ్ళందరూ బఠాణీలు తింటూ తిరిగిన ఆ విశాలమైన బీచి చాలావరకు హార్బరు ఇచ్చిన ఇసుకే.

మరి హార్బరుకు ఉత్తరాన ఏమయింది? రాయపురం, తిరువొత్తియూరు వైపు ఒడ్డు కోతకు గురయి, తరాల తరబడి అక్కడి జాలరి పేటలు వెనక్కి జరుగుతూ వచ్చాయి. అక్కడ రాళ్ళ గోడలు వేశారు. గోడ వేసినచోట ఒడ్డు నిలబడింది, గోడ ఆగినచోటికి కోత జరిగింది. మెరీనాను చూసి మురిసిన వాళ్ళు లక్షల మంది. రాయపురం పోగొట్టుకున్నదానిని లెక్క వ్రాసుకున్నవాళ్ళు తక్కువ.

విశాఖ కథ

మన విశాఖ రేవు నిర్మాతలకు ఈ ఇసుక భయం మొదటి నుంచి ఉన్నది. 1933 అక్టోబరులో మొదటి ఓడ 'జలదుర్గ' లోపలి రేవులోకి వచ్చింది. అదే సంవత్సరం 19 డిసెంబరున వైస్రాయి లార్డ్ విల్లింగ్డన్ రేవును ప్రారంభించాడు. రేవు ముఖద్వారం ఇసుకతో పూడిపోకుండా డాల్ఫిన్స్ నోస్ కొండ దాపున రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి ముంచి, వాటినే అడ్డుకట్టగా చేశారు. పనికిరాని ఓడను కూడా పనిలో పెట్టిన ఆ ఉపాయం మన పాత ఇంజనీర్ల పొదుపుకు నిదర్శనం.

1952 ప్రాంతంలో అమెరికా నుంచి లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త ఫుల్‌బ్రైట్ ఆచార్యుడుగా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. ఆయన, మన అధ్యాపకులు, విద్యార్థులు కలిసి వాల్తేరు ఒడ్డున ఇసుక ఎత్తుపల్లాలను మళ్ళీ మళ్ళీ కొలిచారు. ఒడ్డు ఏడాదిలో కొన్ని నెలలు కోసుకుపోతుందని, మరికొన్ని నెలలలో తిరిగి పూడుతుందని లెక్కలతో చూపించారు. ఆ కొలతల విలువ తరువాత తెలిసింది. ఒక ఊరి తీరం కోతకు గురవుతున్నదని చెప్పాలంటే, అంతకుముందు ఆ తీరం ఎట్లా ఉండేదో ఎవరో ఒకరు కొలిచి పెట్టి ఉండాలి గదా!

1970లలో పెద్ద ఇనుప ఖనిజం ఓడల కోసం ఔటర్ హార్బరు కట్టారు. అది 1976లో పనిలోకి వచ్చింది. దానికి మూడు కట్టలు. దక్షిణపు కట్ట సుమారు కిలోమీటరున్నర, తూర్పు కట్ట కిలోమీటరుకు పైన, ఉత్తరపు కట్ట 400 మీటర్లకు పైన. దక్షిణం నుంచి నడిచివచ్చే ఇసుక అక్కడ ఆగుతుందని, ఉత్తరాన ఉన్న రామకృష్ణా బీచి పస్తు పడుతుందని కట్టేముందే ఇంజనీర్లకు తెలుసు. అందుచేత ఇసుక చేరేచోట ఒక గొయ్యి వంటి ఉచ్చును ఏర్పాటుచేసి, ఏటా డ్రెడ్జరుతో ఆ ఇసుకను తోడి, ఉత్తరపు బీచికి పంపే పద్ధతి పెట్టారు. సముద్రం చేతితో పెట్టవలసిన అన్నాన్ని మనిషి గొట్టంతో పెట్టడమన్నమాట.

ఈ ఏర్పాటులో ఒక కిటుకు ఉన్నది. కట్ట ఒకసారి కడితే చాలు, ఇసుక మాత్రం ఏటా పోయాలి. ఏ సంవత్సరం డ్రెడ్జరు రాకపోయినా, వచ్చినా ఇసుక తక్కువ పోసినా, బీచి ఆ సంవత్సరమే చిక్కిపోతుంది. 12 అక్టోబరు 2014న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటినప్పుడు మనమందరం దాని దెబ్బ చూశాము. ఆ తరువాత కురుసుర జలాంతర్గామి ఉన్న ప్రాంతంలోను, కోస్టల్ బ్యాటరీ వద్దను ఒడ్డు కోసుకుపోతున్నదని పత్రికలు వ్రాస్తూ వచ్చాయి. రాళ్ళు పోశారు, ఇసుక పోశారు. ఏటా ఇసుక పోయవలసిన అప్పు మాత్రం కట్ట ఉన్నంత కాలం తీరదు.

ప్రధానమంత్రి ఉత్తరం

ఇన్ని కట్టడాలకూ అప్పట్లో పర్యావరణ అనుమతి అనే కాగితం అక్కరలేదు. ఇంజనీరింగు అనుమతి, ఆర్థిక అనుమతి, పరిపాలనా అనుమతి ఉంటే పని మొదలు. ఈ పద్ధతి మారడానికి నాంది ఒక ఉత్తరం. 1981 నవంబరులో ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు వ్రాస్తూ, పెద్ద పోటు వచ్చే గీత నుంచి కనీసం 500 మీటర్ల వరకు తీరాన్ని కట్టడాలు లేకుండా ఉంచాలని కోరారు. అది ఉత్తరమే గాని చట్టం కాదు. మనకు తెలుసు, ఆఫీసులో ఉత్తరం ఫైలులో పడుతుంది, జి.ఓ. అయితేనే బల్ల మీదికి వస్తుంది.

1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. దాని కింద 19 ఫిబ్రవరి 1991న కేంద్ర ప్రభుత్వం తీరప్రాంత నియంత్రణ మండలం నోటిఫికేషన్ జారీ చేసింది. దానినే సి.ఆర్.జెడ్. అంటున్నాము. పోటు గీత నుంచి 500 మీటర్ల నేల దాని పరిధి. ఆ నేలను నాలుగు తరగతులుగా విడదీశారు. పల్లెటూళ్ళ తీరంలో మొదటి 200 మీటర్లలో కొత్త కట్టడం కూడదన్నారు. ప్రతి రాష్ట్రమూ ఒక్క సంవత్సరంలో తీర నిర్వహణ ప్రణాళిక తయారు చేయాలన్నారు.

ఒక్క సంవత్సరం అన్నది ఎలా నడిచిందో ఉద్యోగులమైన మనకు వేరే చెప్పనక్కరలేదు. అయిదేళ్ళు గడిచాయి. ఒక స్వచ్ఛంద సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 18 ఏప్రిల్ 1996న ఇచ్చిన తీర్పులో కోర్టు, రాష్ట్రాలు ప్రణాళికలు ఇవ్వకపోవడాన్ని తప్పుపట్టి గడువు పెట్టింది. అప్పుడు గాని ప్రణాళికలు కదలలేదు. 1998 నవంబరులో మన రాష్ట్రంతో సహా తీర రాష్ట్రాలన్నిటికీ కోస్తా మండల నిర్వహణ అథారిటీలు ఏర్పడ్డాయి. అనగా చట్టం పుట్టిన ఏడేళ్ళకు దానిని చూసుకొనే ఆఫీసు పుట్టింది.

గోడకు ఒక్క వాక్యం

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1991 నోటిఫికేషనులో నిషేధాల జాబితా ఉన్నది. సముద్రపు నీటి సహజ గమనానికి అడ్డంగా కట్టలు వేయరాదని అందులో ఒకటి. దానికి ఒక మినహాయింపు పెట్టారు. తీరం కోత నివారణకు అవసరమైన కట్టలకు ఆ నిషేధం వర్తించదు. అంతే, ఒక్క వాక్యం. ఏ కట్ట అవసరమో ఎవరు తేల్చాలి, పక్క ఊరికి ఏమవుతుందో ఎవరు చూడాలి, దేని ఆధారంగా చూడాలి అన్న ప్రశ్నలకు ఆ వాక్యంలో జవాబు లేదు.

ఇంకొక లోపం కూడా ఉన్నది. 1991 నోటిఫికేషను పరిధి ప్రధానంగా నేల మీదనే. పాటు గీత దగ్గర అది ఆగిపోయింది. ఇసుక నడిచేదేమో నీటిలో! కాపలావాడిని గుమ్మం దగ్గర నిలబెట్టి, దొంగను పెరటి దారిన పోనిచ్చినట్లయింది.

ఈ రోజులలోనే నా సీటుకు ఒక ఫైలు వచ్చింది. ఊరి పేరు, ఆఫీసుల పేర్లు ఇక్కడ అనవసరం. ఒక జాలరి పల్లెలో ఒక వీధి అప్పటికే సముద్రంలో కలిసింది. రాళ్ళ గోడకు అంచనా వేసి పంపాము. పర్యావరణ కోణంలో పరిశీలన కావాలని ఒక కార్యాలయం తిప్పి పంపింది. కోత నివారణకు మినహాయింపు ఉన్నదని మేము జవాబు వ్రాశాము. మినహాయింపు వర్తిస్తుందని నిర్ధారించే అధికారి ఎవరో తెలుపమని మరొక కొర్రీ వచ్చింది. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు, అడిగినవారి దగ్గరా లేదు. రెండు వర్షాకాలాలు అలాగే గడిచాయి. చివరకు ఒక వాయుగుండం వచ్చి మరికొన్ని ఇళ్ళు కూలిన తరువాత, అత్యవసర పని కింద లారీలతో రాళ్ళు దింపించారు. పరిశీలన జరగలేదు, ఆలస్యం మాత్రం జరిగింది.

కొంతకాలం తర్వాత బిల్లుల పని మీద ఆ ఊరు వెళ్ళినప్పుడు ఒక పెద్దాయన నాతో అన్నమాట ఇప్పటికీ గుర్తు. "గోడేసేరు బాబూ, మా ఇల్లు నిలబడ్డాయి. ఆ పక్కూరోల్ల ఇల్లే గంగలో కలిసిపోనాయి. ఆల్లూ మా సుట్టాలే." ఇంజనీరింగు పుస్తకాలు పేజీలకు పేజీలు వ్రాసిన సంగతిని ఆయన మూడు ముక్కలలో చెప్పాడు. అనుమతి ఎందుకు అని ఎవరైనా అడిగితే నేను ఈ మాటే చెబుతాను. అనుమతి ఆలస్యమైతే ఈ ఊరు పోతుంది, అనుమతి లేకుండా కడితే పక్క ఊరు పోతుంది. రెండు ఊళ్ళూ చుట్టాలే.

2011, 2019 మార్పులు

1991 నోటిఫికేషనుకు తరువాతి కాలంలో పాతిక సార్లు దాకా సవరణలు జరిగాయి. 2008లో దాని స్థానంలో కొత్త ముసాయిదా తెచ్చారు గాని, మత్స్యకారుల నుంచి తీవ్రమైన వ్యతిరేకత రావడంతో 2009లో దానిని వదిలివేశారు. చివరకు 6 జనవరి 2011న కొత్త నోటిఫికేషను వచ్చింది. మన విషయానికి సంబంధించి అందులో రెండు ముఖ్యమైన మార్పులున్నాయి.

మొదటిది, పాటు గీత నుంచి సముద్రంలోకి 12 నాటికల్ మైళ్ళ వరకు నీటిని కూడా పరిధిలోకి తెచ్చారు. ఇసుక నడిచే దారి ఇరవై ఏళ్ళ తరువాత చట్టం లోపలికి వచ్చింది. రెండవది, కోత నివారణ చర్యలకు మినహాయింపు ఉంచుతూనే, అవి శాస్త్రీయ అధ్యయనాల మీద, పర్యావరణ ప్రభావ అంచనా మీద ఆధారపడి ఉండాలని చేర్చారు. పాత ఒక్క వాక్యానికి ఈ నాలుగు మాటలు చేరడం చిన్న సంగతి కాదు. అవసరమని చెప్పడం ఇక చాలదు, కొలిచి చూపించాలి.

దరఖాస్తు పద్ధతి కూడా స్పష్టమయింది. నిర్ణీత ఫారం, ప్రభావ అంచనా నివేదిక, అధీకృత సంస్థ తయారుచేసిన 1:4000 స్కేలు పటం మీద పని నక్షా జతచేయాలి. రాష్ట్ర అథారిటీ 60 రోజులలో పరిశీలించి సిఫారసు చేయాలి. తరువాత పని స్థాయిని బట్టి కేంద్ర మంత్రిత్వ శాఖ గాని, రాష్ట్ర స్థాయి సంస్థ గాని అనుమతి ఇస్తుంది. అనుమతి పొందినవారు ఆరు నెలలకొకసారి షరతుల అమలుపై నివేదిక ఇవ్వాలి. సంప్రదాయ మత్స్యకారుల ఇళ్ళకు 100 నుంచి 200 మీటర్ల మధ్య అవకాశం కల్పించారు.

18 జనవరి 2019న మరొక నోటిఫికేషను వచ్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి ఉన్న పల్లె తీరాలలో కట్టడాలు కూడని దూరాన్ని 200 నుంచి 50 మీటర్లకు తగ్గించారు. జనసాంద్రత తక్కువ ఉన్నచోట 200 మీటర్లే. తీవ్రంగా కోతకు గురయ్యే తీరాలలో ఓడరేవులు కూడదన్నారు, వ్యూహాత్మక, రక్షణ ప్రాజెక్టులకు మినహాయింపు ఇచ్చారు. 50 మీటర్లన్నది ఇల్లు లేని మత్స్యకారుడికి మేలు. అదే 50 మీటర్లు సముద్రం వైపు కిటికీ కోరుకొనే కొనుగోలుదారుకు ప్రమాదం కూడా. గీత కాగితం మీద కదులుతుంది, సముద్రం తన లెక్కన తాను కదులుతుంది.

ఉప్పాడ, పుదుచ్చేరి

మన రాష్ట్రంలో కోత అనగానే కాకినాడ దగ్గరి ఉప్పాడ గుర్తుకు వస్తుంది. జాంధానీ చీరల ఊరు అది. ఎన్నో వీధులు, గుడులు, తోటలు తరాలుగా సముద్రంలో కలిశాయి. 2010 ప్రాంతంలో అక్కడ ఇసుక నింపిన పెద్ద పెద్ద గొట్టపు సంచులతో, అంటే జియోట్యూబులతో, గోడ కట్టారు. కొన్నాళ్ళు కాపాడింది. తుపానుల తాకిడికి దెబ్బతిన్నది. కాకినాడ – ఉప్పాడ బీచి రోడ్డు ప్రతి పెద్ద తుపానుకూ తెగుతూనే ఉన్నది. ఏటా రాళ్ళు పోయడమే ఒక పద్దు అయింది.

పుదుచ్చేరి కథ వేరు. 1980ల చివరలో అక్కడ రేవుకు కట్టలు వేశారు. ఉత్తరాన ఉన్న నగరపు బీచి మాయమయింది. చాలా ఏళ్ళు రాళ్ళ గుట్టలే మిగిలాయి. 2018లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వారి ఆధ్వర్యంలో నీటి లోపల ఒక కృత్రిమ దిబ్బను నిలబెట్టి, ఇసుక పోసి, బీచిని కొంతమేరకు తిరిగి రప్పించారు. రాళ్ళ గోడ ఒక్కటే మందు కాదని ఈ ఉదాహరణ చెబుతున్నది. ఇసుక పోయడం, నీటిలోపలి దిబ్బలు, సరుగుడు తోటలు, మడ అడవులు, అవసరమైతే ఊరిని నలుగురి సమ్మతితో వెనక్కి జరపడం, ఇవన్నీ మందులే. ఏ రోగానికి ఏ మందో చూడడానికే అధ్యయనం.

జాతీయ తీర పరిశోధన కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో 1990 నుంచి 2016 వరకు తీరరేఖ మార్పులను లెక్కించి 2018లో నివేదిక ఇచ్చింది. దేశం మొత్తం మీద దాదాపు మూడింట ఒక వంతు తీరం కోతకు గురవుతున్నదని తేలింది. మన రాష్ట్రంలో అది నాలుగింట ఒక వంతుకు పైన. కోసుకుపోయే తీరంతో పాటు మేట వేసే తీరం కూడా మనకు పెద్ద ఎత్తున ఉన్నది. ఒకచోట పోయిన ఇసుక మరొకచోట తేలుతుందనడానికి ఇదే సాక్ష్యం.

మన జిల్లా తీరం

ఇక మన ఇంటి సంగతి. మన తీరం మీద ఇప్పుడు పెద్ద పెద్ద పనులు వరుసగా వస్తున్నాయి. రాంబిల్లి దగ్గర నౌకాదళ స్థావరం నిర్మాణంలో ఉన్నది. పూడిమడకలో ఫిషింగ్ హార్బరుకు శంకుస్థాపన జరిగింది. 8 జనవరి 2025న ప్రధానమంత్రి పూడిమడక దగ్గర గ్రీన్ హైడ్రోజన్ కేంద్రానికి, నక్కపల్లి దగ్గర బల్క్ డ్రగ్ పార్కుకు శంకుస్థాపనలు చేశారు. ఉత్తరంగా వెళితే 2009లో ప్రారంభమైన గంగవరం రేవు, దాని పైన విశాఖ రేవు. ఇవి రాకూడదని నేను అనడం లేదు. ఉద్యోగాలు కావాలి, హార్బరు మత్స్యకారులే దశాబ్దాలుగా కోరుతున్నారు. తుపాను వేళ తెప్పను, నావను కట్టుకొనే చోటు లేక వారు పడే అవస్థ మనకు తెలియనిది కాదు.

అయితే ఇసుక మాత్రం వీటన్నిటినీ ఒకే దారిలో దాటుకొని పోవాలి. ఒక్కొక్క పనికి ఒక్కొక్క అనుమతి, ఒక్కొక్క నివేదిక విడివిడిగా వస్తుంది. ఒక్కొక్కటి చూస్తే ప్రభావం స్వల్పమే అనిపించవచ్చు. అన్నీ కలిపితే ఎంత? నా దృష్టిలో మన తీరపు అనుమతుల విషయంలో అడగవలసిన పెద్ద ప్రశ్న ఇదే.

ఇక్కడ మరొక చట్ట సూక్ష్మం తెలుసుకోవాలి. 14 సెప్టెంబరు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషను ప్రకారం రేవులు, పెద్ద ఎత్తున చేపలు దింపే ఫిషింగ్ హార్బర్లు ముందస్తు అనుమతి జాబితాలో ఉన్నాయి. ఆ జాబితాలోని పనులకు సాధారణంగా ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికలలో ప్రకటించాలి. కలెక్టరు గాని, వారి తరఫున అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని అధికారి గాని అధ్యక్షత వహించాలి. కేవలం కోత నివారణకు వేసే గోడ మాత్రం ఆ జాబితాలో లేదు. దానికి సి.ఆర్.జెడ్. పరిశీలన ఉంటుంది గాని, పక్క ఊరి వారిని పిలిచి అడగాలన్న నియమం లేదు. గోడ వల్ల ఎక్కువ నష్టపడే అవకాశం ఉన్నది ఆ పక్క ఊరికే!

మనం చేయగలిగింది

పదవీ విరమణ చేసినవారు ఈ వయసులో చేయగలిగేది ఏమున్నదని అనుకోవద్దు. ఫైలు చదవడం వచ్చినవాడు ఊళ్ళో ఉండటం ఒక బలం. మత్స్యకార సోదరులకు సముద్రం చదవడం వచ్చు, మనకు కాగితం చదవడం వచ్చు. రెండు చదువులూ కలవాలి. నాకు తోచినవి మూడు మనవి చేస్తాను.

ఒకటి, ప్రజాభిప్రాయ సేకరణ ప్రకటన పత్రికలో కనబడినప్పుడు దానిని తీర గ్రామాలలో తెలిసినవారికి చదివి వినిపించండి. నివేదిక సంక్షిప్త ప్రతి తెలుగులో ఇవ్వాలి. అది కలెక్టరు కార్యాలయంలో, జిల్లా పరిషత్తులో, పంచాయితీలో ఉంచాలి. దానిని చూడండి. ఉత్తరాన ఎన్ని కిలోమీటర్ల వరకు తీరాన్ని పరిశీలించారు, ఎన్ని నెలలు కొలిచారు, ఒక్క రుతువే కొలిచారా, ఏటా ఇసుక పోయవలసి వస్తే ఆ ఖర్చు ఎవరిది, ఎన్నేళ్ళు? ఈ ప్రశ్నలు వ్రాతపూర్వకంగా ఇవ్వండి. వ్రాసి ఇచ్చిన దానికి ఎక్‌నాలెడ్జిమెంటు తీసుకోవడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు.

రెండు, అనుమతి వచ్చిన తరువాత షరతులు చదవండి. ఆరు నెలల నివేదికలు సక్రమంగా వస్తున్నాయా అని సమాచార హక్కు చట్టం, 2005 కింద అడగవచ్చు. ఎంతో కష్టపడి వ్రాసిన షరతు ఫైలు మూసిన తరువాత ఎవరికీ గుర్తుండకపోవడం మన సర్వీసులో చాలాసార్లు చూశాము.

మూడు, మీ పిల్లలు తీరం దాపున స్థలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లతో పాటు సి.ఆర్.జెడ్. పటం కూడా చూడమనండి. పోటు గీత ఎక్కడ, స్థలం ఎన్ని మీటర్లలో ఉన్నది, ఆ తీరం కోసుకుపోయేదా, మేట వేసేదా తెలుసుకోమనండి. గ్రాట్యుటీ, కమ్యూటేషను డబ్బు మనకు రెండవసారి రాదు.

అనుమతి అంటే అడ్డంకి అని మన సర్వీసు రోజులలో అందరమూ విసుక్కున్న మాట నిజమే. ఆలస్యం చేసే అనుమతి మీద నాకు ఇప్పటికీ విసుగే. అరవై రోజులని చట్టం చెబితే అరవై రోజులలో తేల్చాలి, ఇళ్ళు కూలుతున్నచోట ఇంకా ముందే తేల్చాలి. కాని ఆ కాగితంలో అడిగే ప్రశ్న మాత్రం న్యాయమైనది. ఉత్తరాన ఉన్నవాడి సంగతి ఏమిటి అన్నదే ఆ ప్రశ్న. మద్రాసులో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. విశాఖలో అడిగారు, జవాబుగా ఇసుక పోస్తున్నారు. మన అనకాపల్లి తీరంలో జవాబు ఇంకా వ్రాయబడుతున్నది. అది వ్రాసేటప్పుడు మన పెన్షనర్ల సంతకం కూడా కింద ఉండాలని కోరుకుంటున్నాను.

– ఒక విశ్రాంత ఉద్యోగి, అనకాపల్లి